కడుపులో దాచుకోరాని మాట

మన భాషలో కడుపుకు వున్నన్ని పనులు మరే అవయవానికీ లేవు. అన్నం దాచుకునేదీ కడుపే, బిడ్డను దాచుకునేదీ కడుపే, మాటను దాచుకునేదీ కడుపే. బిడ్డమీద మమకారం కడుపుతీపి, బిడ్డకు ఏమైనా అయితే కడుపుకోత. ఇంటిగుట్టు నలుగురిలో చెప్పుకునేవాళ్లను చూసి, "కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుంది" అని పెద్దలు హెచ్చరిస్తారు. ఈ సామెత నూటికి తొంభై సందర్భాలలో నిజమే. ఈ వారం నేను ప్రస్తావించబోయేది మిగిలిన పదింటిలో ఒకటి.

మన ఇళ్లలో ఇరవై ముప్పై ఏళ్ల వయసు పిల్లలు కొందరున్నారు. చొక్కా పైగుండీ ఎప్పుడూ విప్పరు. ఆడపిల్లలైతే మెడదాకా జాకెట్టు కుట్టించుకుంటారు. రొమ్ము నడుమ నిలువుగా ఒక మచ్చ. చిన్నప్పుడు గుండెకు జరిగిన శస్త్రచికిత్సకు అదొక్కటే గుర్తు. వాళ్లు చదువుకున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, కొందరికి పెళ్లిళ్లు కూడా అయ్యాయి. అటువంటి వాళ్లలో కొందరికి ఇప్పుడు గుండె డాక్టరుగారు ఒక చీటీ వ్రాసి ఇస్తున్నారు: కడుపులోని రక్తనాళాలకు ఫోటో తీయించుకు రమ్మని.

"గుండెకు జేసిన మరమ్మతుకు కడుపు ఫోటో ఎందుకు సారూ?" అని తండ్రి అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. నేను తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణేగాని వైద్యుణ్ణి కాను. అయినా దీని జవాబు వైద్యులు మాత్రమే తెలుసుకుని వూరుకోదగినది కాదు. సామాన్యులకు అర్థమయ్యేదీ, అర్థం కావలసినదీను.

మొదట ఈ పిల్లలెవరో చూద్దాం. వెయ్యిమంది పుడితే అందులో ఎనిమిది తొమ్మిదిమందికి గుండె నిర్మాణంలోనే ఏదో ఒక లోపం వుంటుంది. పూర్వం అందులో తీవ్రమైన లోపాలతో పుట్టిన బిడ్డ నీలంగా మారితే, "దేవుడిచ్చింది అంతే" అని తల్లి కొంగుతో కళ్లు వత్తుకునేది. 1944 అక్టోబరులో స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో క్రాఫోర్డ్ అనే వైద్యుడు పుట్టుకతో నొక్కుకుపోయిన పెద్ద ధమనిని కోసి సరిచేశాడు. మరుసటి నెల 29వ తేదీన అమెరికాలోని బాల్టిమోర్‌లో బ్లాలాక్ అనే వైద్యుడు నీలిబిడ్డకు మొదటి శస్త్రచికిత్స చేశాడు. దానికి ఆలోచన ఇచ్చినది హెలెన్ టాసిగ్ అనే వైద్యురాలు. ప్రయోగశాలలో కుక్కల మీద ఆ పని సాధించి, ఆనాడు బ్లాలాక్ వెనుక నిలబడి దారి చూపినవాడు వైద్యపట్టా లేని వివియన్ థామస్ అనే నల్లజాతి యువకుడు. ఆ నెల తేడాలో ప్రపంచంలోని తల్లుల తలరాత కొంత మారింది.

ఆ మార్పు మన ప్రాంతాలకు చేరడానికి చాలాకాలం పట్టింది. 1991 నవంబరు 22న పుట్టపర్తిలో సత్యసాయి ఆసుపత్రి ప్రారంభమై, గుండె శస్త్రచికిత్సలు డబ్బు తీసుకోకుండా చేయసాగింది. ఆ ఆసుపత్రిని ప్రారంభించినవారు అప్పటి ప్రధాని, ఆనాటి మన కరీంనగరం జిల్లా వంగరకు చెందిన పి.వి.నరసింహారావుగారు. 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాలలో మొదలైన ఆరోగ్యశ్రీ మరుసటి సంవత్సరానికల్లా అప్పటి ఆంధ్రప్రదేశ్ అంతటా విస్తరించింది. దానితో బొగ్గుబావి కార్మికుల వాడలనుండీ, పత్తిచేలనుండీ కూడా పసిబిడ్డలను ఎత్తుకుని తల్లిదండ్రులు కాజీపేట మీదుగా హైదరాబాదు రైలెక్కారు. ఆనాడు ఒళ్లో వెళ్లిన బిడ్డలు ఈనాడు మీసాలు వచ్చిన మగపిల్లలు, సంబంధాలు చూడవలసిన ఆడపిల్లలు. లోకమంతటా ఇదే కథ. పుట్టుకతో గుండెలోపం వున్నవారిలో నేడు పెద్దవాళ్ల సంఖ్య, సంపన్న దేశాలలో, పిల్లల సంఖ్యను మించిపోయింది. ఇది మనిషి సాధించిన విజయం. విజయం తర్వాత వచ్చే కొత్త బాధ్యతే కడుపు ఫోటో.

ముందే ఒక మాట. గుండె గోడలో చిన్న రంధ్రం వుండి, దాన్ని పూడ్చి, అంతటితో బాగుపడ్డవాళ్లు అనేకులున్నారు. వాళ్లలో చాలామందికి ఈ పరీక్ష అవసరమే రాదు. ఈ వ్యాసం చదివి అటువంటివారు గాభరాపడి స్కానింగు సెంటరుకు పరుగెత్తనక్కరలేదు. ఎవరికి కావాలో గుండె వైద్యుడే నిర్ణయిస్తాడు. ముఖ్యంగా నాలుగు రకాల వాళ్లకు దీనితో పని పడుతుంది.

మొదటి రకం, క్రాఫోర్డ్ సరిచేసినటువంటి జబ్బు వున్నవాళ్లు. గుండెనుండి బయలుదేరే పెద్ద ధమనిని బృహద్ధమని అంటారు. అది ఛాతీలో వంపు తిరిగి, వెన్నెముక వెంట కడుపులోకి దిగి, కాలేయానికీ, పేగులకూ, మూత్రపిండాలకూ కొమ్మలు వేసి, బొడ్డు దగ్గర రెండుగా చీలి కాళ్లకు పోతుంది. కొందరిలో అది ఛాతీలోనే ఒకచోట నొక్కుకుపోయి వుంటుంది. దాన్ని చిన్నతనంలో సరిచేసినా, పెరిగే వయసులో అదేచోట మళ్లీ సన్నబడవచ్చు. అప్పుడు చేతులలో రక్తపుపోటు ఎక్కువ, కాళ్లలో తక్కువ. మూత్రపిండాలకు రక్తం చాలక, అవి "పోటు పెంచండి" అని దేహానికి కబురు పంపుతూ వుంటాయి. బోరింగు కొట్టినప్పుడు నీళ్లు ఎలా పడతాయో గమనించారా? ఒక్కొక్క పోటుకు ఒక్కొక్క ధార, నడుమ విరామం. కడుపులోని ఆరోగ్యవంతమైన బృహద్ధమనిలో రక్తం అలాగే నడుస్తుంది. పైన ఎక్కడో ఇరుకు వుంటే ధార బలం తగ్గి, విరామం లేకుండా నీరసంగా కారుతూ వుంటుంది. ఛాతీలోని ఇరుకు కడుపులో ఇలా బయటపడుతుంది. అంతేకాదు, ఇరుకు లేకుండా బాగా సరిచేసినవారికి కూడా రక్తపుపోటు రావచ్చు. ఇరవై అయిదేళ్ల కుర్రవాడికి బి.పి. ఏమిటని నవ్వి వూరుకోకూడదు.

రెండవ రకం వాళ్లది మరింత చిత్రమైన కథ. మన గుండెలో రెండు పంపులున్నాయి. కుడిది రక్తాన్ని వూపిరితిత్తులకు తోస్తుంది, ఎడమది దేహమంతటికీ తోస్తుంది. కొందరు బిడ్డలు పనికివచ్చే పంపు ఒక్కదానితోనే పుడతారు. 1968లో ఫ్రాన్సు దేశంలోని బోర్డో నగరంలో ఫ్రాన్సిస్ ఫాంటన్ అనే శస్త్రవైద్యుడు ఒక సాహసం చేశాడు. వున్న ఒక్క పంపునూ దేహానికి వదిలిపెట్టి, దేహంనుండి తిరిగివచ్చే చెడురక్తాన్ని పంపు లేకుండానే వూపిరితిత్తులకు చేరే ఏర్పాటు చేశాడు. 1971లో దాన్ని ప్రకటించాడు. తర్వాతివారు దాన్ని మెరుగుపరచి, ఇప్పుడు రెండు మూడు విడతలుగా చేస్తున్నారు. తలనుండి వచ్చే మహాసిరనూ, కడుపునుండి వచ్చే మహాసిరనూ తిన్నగా వూపిరితిత్తుల నాళాలకు కలిపేస్తారు. బిడ్డ నీలం పోతుంది, బడికి పోతాడు, ఆటలూ ఆడతాడు.

కాని ప్రకృతి అప్పు వుంచుకోదు. పంపు లేనిచోట నీరు నడవాలంటే వెనుక మట్టం పెరగాలి. మా ప్రాంతంలో గోదావరిమీద ఎల్లంపల్లి దగ్గర ఆనకట్ట కట్టిన తర్వాత, వెనుకజలాలు పైకి ఎగదన్ని పొలాలలోకి వచ్చాయి. నది ఆగలేదు, నడుస్తూనే వుంది. కాని ఒడ్డున వున్న నేల ఎప్పుడూ తడిసి వుంటుంది. ఫాంటన్ శస్త్రచికిత్స అయినవారిలో ఆ ఒడ్డున వున్న నేల కాలేయం. మామూలు మనిషిలో గుండె దగ్గర సిరలలోని పోటు అయిదారు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వుంటుంది. వీరిలో అది పది నుండి పదిహేను దాకా, రాత్రింబవళ్లు, ఏళ్ల తరబడి వుంటుంది. నిమిషానికి సుమారు లీటరున్నర రక్తం నడిచే అవయవం కాలేయం. ఆ రక్తంలో ముప్పాతిక భాగం పేగులనుండి ద్వారసిర ద్వారా వస్తుంది, పాతిక భాగం ధమనినుండి వస్తుంది. వచ్చిన రక్తమంతా కాలేయసిరల గుండా పైకి పోవాలి. పైన మట్టం ఎక్కువగా వుంటే కాలేయం ఉబ్బుతుంది; పదేళ్లకో పదిహేనేళ్లకో దానిలో నారలాంటి మచ్చ కణజాలం పెరుగుతుంది; కొందరిలో గట్టిపడి కాయ కడుతుంది. అరుదుగా కొందరిలో కాన్సరు కూడా పుట్టవచ్చు.

ఇందులో కష్టమేమిటంటే, ఇదంతా చప్పుడు లేకుండా జరుగుతుంది. నొప్పి వుండదు. కామెర్లు రావు. మామూలు రక్తపరీక్షలో లెక్కలు చాలాకాలం బాగానే కనిపిస్తాయి. అందుకే డాక్టరుగారు బాధ లేనప్పుడే ఫోటో అడుగుతారు. కాలేయసిరలు ఎంత వెడల్పయ్యాయి, ద్వారసిరలో రక్తం ఏ వేగంతో ఏ దిక్కుకు నడుస్తున్నది, ప్లీహం పెరిగిందా, కడుపులో నీరు చేరిందా, రక్తం దారి దొరకక పక్కసందులు వెతుక్కుంటున్నదా అని చూస్తారు. ఈ శస్త్రచికిత్స అయి పదేళ్లు దాటినవారు ఏడాదికో, రెండేళ్లకో, డాక్టరు చెప్పిన గడువుకు ఈ పరీక్ష చేయించుకుంటూ వుండాలి.

మూడవ రకం వాళ్లకు ఇంటిలోని గదులే తారుమారుగా వుంటాయి. గుండెలోపంతో పుట్టిన కొందరిలో కాలేయం కడుపు మధ్యకు వచ్చివుంటుంది. ప్లీహం ఒకటికి బదులు చిన్న చిన్నవి అనేకం వుంటాయి, లేదా అసలే వుండదు. కడుపునుండి గుండెకు పోవలసిన మహాసిర నడుమ తెగిపోయి, వెన్నుపక్కనున్న మరొక సిర ద్వారా చుట్టుతిరిగి పైకి పోతుంది. ఇది వాళ్లకు జబ్బు కాదు, పుట్టుకతో వచ్చిన దారి. కాని తొడనుండి సన్నటి గొట్టం ఎక్కించి గుండెను చేరాలని చూసే వైద్యుడికి ఈ సంగతి ముందుగా తెలియకపోతే దారి తప్పుతాడు.

నాలుగవ రకం, పసితనంలో తొడనాళాలలోనుండి ఒకటికి రెండుసార్లు గొట్టాలు ఎక్కించబడినవాళ్లు. పసిబిడ్డ తొడలోని నాళం ఎంత వుంటుంది? ఆ నాళాలు తర్వాత కొందరిలో మూసుకుపోతాయి. రక్తం పొత్తికడుపులోని చిన్న చిన్న కాలువలను పెద్దవి చేసుకుని నడుస్తూ వుంటుంది. మనిషికి ఏమీ తెలియదు. ముప్పై ఏళ్ల వయసులో మళ్లీ గొట్టం ఎక్కించవలసి వచ్చినప్పుడు తలుపు మూసి వుందని తెలుస్తుంది. ముందుగా ఫోటో తీసి చూస్తే వేరే తలుపు వెతుక్కోవచ్చు.

ఈ ఫోటోలు ఎలా తీస్తారు? కడుపులోని బృహద్ధమనిని మొట్టమొదట సజీవంగా చూసినవాడు పోర్చుగల్ దేశస్థుడు రెనాల్డో దోస్ సాంతోస్. 1929లో లిస్బన్‌లో వీపు వైపునుండి పొడవైన సూది దింపి, నేరుగా ఆ ధమనిలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీశాడు. తలచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. 1953లో స్వీడన్‌కు చెందిన సెల్డింగర్ తొడనుండి సన్నటి తీగమీద గొట్టాన్ని నడిపించే సుళువైన పద్ధతి కనిపెట్టాడు. నేడు చాలా సందర్భాలలో సూది కూడా అక్కరలేదు.

అందరికీ తెలిసినది అల్ట్రాసౌండ్ స్కానింగు. అందులో రక్తం నడకను చూసే విధానానికి డాప్లర్ అని పేరు. ఆ పేరు 1842లో ఒక సిద్ధాంతం చెప్పిన ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడిది. మీరు స్టేషనులో నిలబడి వుండగా ఆగని బండి ఒకటి కూత వేసుకుంటూ వస్తుంది. దగ్గరకు వస్తున్నంతసేపూ కూత సన్నగా, హెచ్చు స్థాయిలో వుంటుంది. మిమ్మల్ని దాటగానే బొంగురుపోతుంది. 1845లో హాలండు దేశంలో రైలుమీద బాకాలు వూదేవాళ్లను ఎక్కించి మరీ దీన్ని పరీక్షించారు. రక్తకణాలనుండి తిరిగివచ్చే ధ్వనికీ అదే సూత్రం. దాన్నిబట్టి రక్తం ఎదురుగా వస్తున్నదా, దూరంగా పోతున్నదా, ఎంత వేగం అన్నది యంత్రం చెబుతుంది. నొప్పి లేదు, ఎక్స్‌రే కిరణాలు లేవు. పరగడుపున వెళ్లాలి. ఇడ్లీ తిని, కాఫీ తాగి వెళితే పేగులలో గాలి అడ్డం వస్తుంది. పైగా భోజనం తర్వాత ద్వారసిరలో రక్తం సహజంగానే ఎక్కువవుతుంది గనుక లెక్క తప్పుతుంది.

స్కానింగులో అనుమానం తోస్తే సి.టి. గాని, ఎం.ఆర్.ఐ. గాని తీస్తారు. సి.టి. క్షణాలలో అయిపోతుంది, నాళాలు చెట్టుకొమ్మలలా స్పష్టంగా కనిపిస్తాయి. అయితే ఎక్స్‌రే కిరణాలు ఎక్కువ. జీవితాంతం ఫోటోలు అవసరమయ్యే యువతకు ప్రతిసారీ అది వాడటం మంచిది కాదు. ఎం.ఆర్.ఐ.లో కిరణాలు లేవు. కాలేయంలోని గడ్డలను బాగా చూపుతుంది. కాని పేస్‌మేకర్ వున్నవారు ముందుగా చెప్పి తీరాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. కడుపు ఫోటో తీయడం ఒక ఎత్తు, దాన్ని చదవడం మరొక ఎత్తు. ఛాతీలో ఏం జరిగిందో తెలియనివాడు ఈ కడుపు ఫోటోను సరిగా చదవలేడు. ఇది అతని చదువు లోపం కాదు. ముందు ప్రకరణం చింపేసి, వెనుక ప్రకరణం చేతికిచ్చి, కథకు అర్థం చెప్పమంటే ఎంతటి పండితుడైనా ఏం చెబుతాడు?

ఒక ఉదాహరణ. సి.టి.లో చేతి సిరలోకి మందు ఎక్కిస్తారు. మామూలు మనిషిలో అది గుండెలో చేరి, కడుపునుండి వచ్చే రక్తంతో చక్కగా కలిసి, వూపిరితిత్తులకు పోతుంది. ఫాంటన్ అయినవారిలో చేతిమందు పై మహాసిర గుండా తిన్నగా వూపిరితిత్తులకు పోతుంది. కడుపునుండి మందు లేని రక్తం వేరే దారిన వచ్చి పక్కన చేరుతుంది. రెండూ సరిగా కలవవు. ఫోటోలో ఒక నల్లని చార కనిపిస్తుంది. సంగతి తెలియనివాడు అక్కడ రక్తం గడ్డకట్టిందని వ్రాస్తాడు. ఇంటిల్లిపాదీ గుండెలు బాదుకుంటారు. అవసరం లేని మందులు మొదలవుతాయి. సంగతి తెలిసినవాడైతే కొంచెం ఆగి, మందు అంతటా కలిసిన తర్వాత మరొక ఫోటో తీస్తాడు, లేదా కాలినుండి కూడా మందు ఎక్కిస్తాడు. అంతే తేడా. ఆ తేడాకు ఖర్చు ఒక్క వాక్యం: "ఈమెకు చిన్నప్పుడు ఫాంటన్ ఆపరేషను అయింది."

రెండవ ఉదాహరణ ఇంకా బాధాకరమైనది. ఏ తెలియని సెంటరులోనో స్కానింగు చేయించుకుంటే, "కాలేయం గట్టిపడింది, సిర్రోసిస్" అని రిపోర్టు వస్తుంది. మన ఊళ్లలో ఆ మాటకు ఒకటే అర్థం, తాగుడు. జీవితంలో కల్లు వాసన చూడని పిల్లను, "నిజం చెప్పు" అని నిలదీస్తారు. కాలేయం ఎంత గట్టిగా వుందో కొలిచే యంత్రాలు వచ్చాయి గదా అంటే, అక్కడా ఇదే చిక్కు. రక్తం నిలిచి ఉబ్బిన కాలేయం కూడా గట్టిగానే తగులుతుంది. మామూలు రోగుల పట్టికతో పోల్చి ఆ అంకెను చదవకూడదు. అలాగే ఇటువంటి కాలేయంలో హానిచేయని గడ్డలు కొన్ని ఫోటోలో కాన్సరులాగే కనిపిస్తాయి. అందుకే ఒక్క ఫోటో చూసి తీర్పు చెప్పకుండా, గుండె వైద్యుడూ కాలేయ వైద్యుడూ ఫోటోలు చదివే వైద్యుడూ కలిసి చూడాలని అంటారు.

మూడవది సూది దగ్గర జాగ్రత్త. గుండెలో ఇంకా ఏదైనా సందు మిగిలివుండి, లేదా శస్త్రవైద్యుడే కావాలని వదిలిపెట్టి, చెడురక్తం మంచిరక్తంలో కలుస్తున్నవారికి సెలైను గొట్టంలో చిన్న గాలిబుడగ కూడా ప్రమాదమే. మామూలువారిలో అది వూపిరితిత్తులలో ఆగిపోతుంది. వీరిలో మెదడుకు పోవచ్చు. ఈ సంగతి సూది వేసే నర్సమ్మకు ముందుగా తెలియాలి.

తెలియాలంటే చెప్పాలి. చెప్పాలంటే మనకు తెలిసివుండాలి, చెప్పే ధైర్యం వుండాలి. ఈ రెండూ మన ఇళ్లలో కొరవడ్డాయి.

మొదటిది, కాగితం వుండదు. ఆపరేషను నాటి ఫైలు కొన్నాళ్లు ఇనుపపెట్టెలో వుంటుంది. మా బెల్లంపల్లిలో బొగ్గుబావులు మూతపడి, కుటుంబాలు శ్రీరాంపూరుకో, మందమర్రికో, గోదావరిఖనికో తరలిపోయినప్పుడు క్వార్టరు ఖాళీ చేసిన తొందరలో ఎన్ని ఫైళ్లు చెదలకూ, చెత్తకూ పోయాయో! "ఏం ఆపరేషను?" అంటే, "గుండె ఆపరేషను" అనే అంటాం. గుండెకు చేసే ఆపరేషన్లు డజన్లకొద్దీ వున్నాయి. ఊరు అడిగితే దేశం పేరు చెప్పినట్టు వుంటుంది ఈ జవాబు.

రెండవది, నోరు రాదు. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. పెళ్లికాని పిల్ల కడుపు స్కానింగుకు వెళ్లిందంటేనే ఇరుగుపొరుగు చెవులు నిక్కబొడుచుకుంటారు. స్కానింగు అంటే గర్భవతులకే అనే అభిప్రాయం ఇంకా పోలేదు. అందుచేత తల్లి, "ఇప్పుడెందుకులే, పెళ్లయినాక చూసుకోవచ్చు" అంటుంది. పెళ్లిచూపులలో మచ్చ మాట రాకుండా మెడదాకా జాకెట్టు. పెళ్లయినాక అత్తవారింట చెప్పడానికి భయం. తర్వాత గర్భం వస్తుంది. గర్భవతి దేహంలో రక్తం పరిమాణం సుమారు సగం మేర పెరుగుతుంది. సరిచేసిన బృహద్ధమని మీదా, ఒంటి పంపుమీద నడుస్తున్న గుండెమీదా ఆ బరువంతా పడుతుంది. ఈ స్త్రీలు గర్భానికి ముందే నాళాల ఫోటో తీయించుకుని, గుండె వైద్యుడి సలహా తీసుకోవాలి. కొందరికి ఆయన నిర్భయంగా కానివ్వండి అంటాడు. కొందరికి జాగ్రత్తలతో అంటాడు. కొందరికి వద్దే వద్దంటాడు. ఆ మూడింటిలో తమది ఏదో తెలియకుండా నెల తప్పడమే అన్నింటికంటె పెద్ద ప్రమాదం.

పెళ్లికి ముందు ఈ సంగతి చెబితే సంబంధం తప్పిపోతుందని భయపడే తల్లిదండ్రులను నేను నిందించలేను. ఆ భయం వూరికే పుట్టలేదు, లోకం పుట్టించింది. కాని ఒక్కటి ఆలోచించండి. మచ్చ విని వెనక్కి పోయే సంబంధం, రేపు ఆసుపత్రి వరండాలో ఆ పిల్ల పక్కన నిలబడుతుందా? విని కూడా, "డాక్టరుగారిని నేనూ ఒకసారి అడుగుతాను" అనే కుర్రవాడు దొరికితే వాడే అల్లుడు. దాచి చేసిన పెళ్లిలో మందు వేసుకోవడం కూడా దొంగతనమే అవుతుంది.

మా గనుల ప్రాంతంలో ఒక నియమం వుంది. బావి మూతపడినా దాని నక్షా పారేయకూడదు. ఏ పొరలో ఎంతవరకు తవ్వారు, ఎక్కడ నీళ్లు నిలిచాయి అన్నదంతా కాగితంమీద భద్రంగా వుండాలి. పక్కన కొత్త తవ్వకం మొదలుపెట్టేవాడు ముందుగా ఆ నక్షా చూడాలి. పాత బావి నీళ్లు ఎంతపని చేస్తాయో గనిలో పనిచేసేవారికి తెలుసు. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చస్‌నాలా గనిలో నీళ్లు విరుచుకుపడి 375 మంది మరణించారు. గని మూసినంత మాత్రాన దాని చరిత్ర మూసుకుపోదు. రొమ్ముమీది కుట్లు మానినా అంతే.

ఇక చేయవలసినవి చెప్పి ముగిస్తాను. ఆపరేషను జరిగిన ఆసుపత్రికి ఒక ఉత్తరం వ్రాయండి, లేదా మనిషిని పంపండి. పేరు, సంవత్సరం, తండ్రిపేరు చెప్పి డిశ్చార్జి కాగితం నకలు అడగండి. ఆరోగ్యశ్రీలో చేయించుకున్నవారైతే ఆ కార్డు నంబరు కూడా చెప్పండి. ఆపరేషను పేరు ఇంగ్లీషులో ఎలా వుందో అలాగే ఒక అట్టముక్కమీద వ్రాసి పర్సులో పెట్టుకోండి. చేతిఫోనులో ఫోటో తీసి వుంచండి. స్టెంటు, పేస్‌మేకరు వంటివి లోపల ఏమున్నాయో దాని కింద వ్రాయండి. ఏ ఫోటోకు వెళ్లినా, అది పంటి ఎక్స్‌రే అయినా సరే, మొదట ఆ అట్టముక్క చూపండి. పాత ఫోటోలూ సీడీలూ పారేయకండి. నిన్నటి దానితో పోలిస్తేనే ఈనాటిది అర్థమవుతుంది. చిన్నప్పటి డాక్టరుగారు పిల్లల డాక్టరు గనుక, పెద్దయినాక పుట్టుక గుండెజబ్బులు చూసే పెద్దల డాక్టరు ఎవరో ఆయననే అడిగి తెలుసుకోండి. ఆసుపత్రిలో ఖర్చు పడుతుందని జంకేవారు ఒక మాట గుర్తుంచుకోవాలి: తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. ఏది అందులో వస్తుందో, ఏది రాదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగితే చెబుతారు.

అన్నింటికంటె ముందు ఆ బిడ్డకే చెప్పండి. చాలామంది పిల్లలకు తమకు ఏం జరిగిందో తల్లిదండ్రులు చెప్పనేలేదు. "చిన్నప్పుడేదో అయిందిలే, ఇప్పుడంతా బాగుంది" అంటూ మాట దాటవేశారు. పద్దెనిమిదేళ్లు నిండినవారికి తమ గుండె కథ తమ నోటితో చెప్పుకోవడం రావాలి. రేపు ఏ రాత్రివేళో పరాయి ఊళ్లో ఆసుపత్రిలో చేరితే, పక్కన అమ్మ వుండకపోవచ్చు.

ఈ ఆదివారం ఆ పెట్టె ఒకసారి తీసి చూడండి. ఫైలు దొరికితే మంచిది. దొరకకపోతే సోమవారం ఉత్తరం వ్రాయండి.